ఇటు షహర్... అటు లష్కర్!

మధ్యలో హుస్సేన్‌సాగర్. ఈ ఒడ్డున చార్మినార్ చుట్టూ పుట్టిన ఊరు... ఆ ఒడ్డున పటాలాల చుట్టూ పెరిగిన ఊరు. జంట నగరాలని ఇద్దర్నీ ఒకే పేరుతో పిలిచేస్తాం కానీ, దేవుళ్ల విషయానికొస్తే ఎవరి కథ వారిదే. ఒక్క ఆదివారం కేటాయిస్తే రెండు కథలూ చూసి రావచ్చు.

కృష్ణానగర్‌లో దేవుళ్లకు కొదవలేదు. కాస్ట్యూములు అద్దెకిచ్చే కొట్లోకి తొంగి చూడండి... పూజారి పంచె, ఫాదర్ గారి తెల్లంగీ, కవ్వాలీ పాట కోసం కుట్టించిన షేర్వాణీ అన్నీ ఒకే దండెం మీద వేలాడుతుంటాయి. పొద్దున పెళ్లి సీన్లో పురోహితుడి పక్కన కూర్చున్న జూనియర్ ఆర్టిస్టు సాయంత్రానికి చర్చి సీన్లో కొవ్వొత్తి పట్టుకుంటాడు. సినిమా మొదలైతే కొబ్బరికాయ కొట్టారంటారు, షూటింగ్ అయిపోతే గుమ్మడికాయ కొట్టారంటారు. లైట్‌మ్యాన్ హిందువైనా, డ్రైవర్ ముస్లిం అయినా, మేకప్‌మ్యాన్ క్రైస్తవుడైనా ఈ మాటలు మారవు.

ఇలాంటి పేట ఒకటి మొలవడానికి ఈ నేలలో ముందే ఏదో ఉండాలి కదా! అదేంటో తెలియాలంటే యూసుఫ్‌గూడ స్టేషన్లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాలి. అక్కడ దారి చీలుతుంది. రైలు మారితే నాంపల్లి మీదుగా పాతబస్తీ వైపు. అదే రైల్లో కూర్చుంటే బేగంపేట, ప్యారడైజ్ మీదుగా సికింద్రాబాద్ వైపు.

దర్బారు కట్టిన ఊరు

ముందు షహర్‌కే వెళదాం. దారిలో ఖైరతాబాద్ ఉంది. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై ఏడాదికో అడుగు చొప్పున పెరుగుతూ వచ్చిన మహాగణపతి ఉండేది ఇక్కడే. కుతుబ్‌షాహీల కాలం నాటి మసీదు, వేలాంకణి మాత చర్చి కూడా ఈ పేటలోనే. ఆ తర్వాత నాంపల్లి. గురువారం సాయంత్రం యూసుఫైన్ దర్గాకి వెళ్లి చూడండి. మల్లెపూల చాదర్ పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లలో నుదుట బొట్టున్న ఆడవాళ్లు ఎంతమందో!

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినార్ కట్టించి దాని చుట్టూ ఊరు వేయించాడు. మినార్ పై అంతస్తులో మసీదుంది. ఆ పక్కనున్న మక్కా మసీదును మహమ్మద్ కుతుబ్‌షా మొదలుపెడితే, 1694లో ఔరంగజేబు హయాంలో గానీ పూర్తి కాలేదు. రాజులు షియాలు కాబట్టి ఊరు పుట్టిన కొన్నేళ్లకే బాద్‌షాహీ అషుర్‌ఖానా లేచింది. రంగురంగుల పింగాణీ పలకలు అతికించిన దాని గోడల్ని చూసి తీరాల్సిందే.

ఇంతవరకూ చదివి, ఇది ఒకే మతం వాళ్ల ఊరనుకుంటే పొరపాటే. చివరి కుతుబ్‌షాహీ రాజు తానాషా దగ్గర రాజ్యభారమంతా మోసింది అక్కన్న, మాదన్న. వాళ్ల పేరుతో శాలిబండలో ఇప్పటికీ మహంకాళి గుడి ఉంది. అసఫ్‌జాహీల కాలంలో చందూలాల్ చక్రం తిప్పాడు. ఆ కుటుంబం నుంచే వచ్చిన మహారాజా కిషన్ పర్షాద్ ప్రధానమంత్రి అయ్యాడు, ఉర్దూలో కవిత్వమూ రాశాడు. మహారాజా రంజిత్‌సింగ్ దగ్గర్నుంచి 1830ల్లో సిక్కు సైనికులు వచ్చిందీ చందూలాల్ రోజుల్లోనే. వాళ్లు దిగిన బరంబలాలో గురుద్వారా వెలిసింది. ఆ సైనికుల మునిమనవలు తెలుగు, దక్కనీ కలిపి మాట్లాడుతుంటే పంజాబ్ నుంచి వచ్చినవాళ్లు నోరెళ్లబెడతారు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది కొట్టుకుపోయారు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి పట్టుచీర, పసుపు కుంకుమలు సమర్పించాడని పాతబస్తీలో తాతలు మనవలకి ఇప్పటికీ చెబుతారు. లాల్‌దర్వాజ బోనాల కథలోనూ ఆయన పేరు వినిపిస్తుంది. నవాబు నదికి చీర పెట్టాడన్న మాటని ఇన్నేళ్లుగా రెండు మతాలవాళ్లూ ఇష్టంగా చెప్పుకుంటున్నారు. అది చాలు, ఊరి మనసు తెలియడానికి.

ఒకే ఏనుగు

మొహర్రం పదో రోజున డబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి అలం ఏనుగెక్కి చాదర్‌ఘాట్ వైపు బయల్దేరుతుంది. ఆషాఢంలో అక్కన్న మాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం కూడా ఏనుగెక్కే ఊరేగుతుంది. కొన్నేళ్లపాటు నెహ్రూ జూలోని రజని అనే ఏనుగే ఈ రెండు ఊరేగింపులకీ వెళ్లేది. మావటి తీసుకెళ్లిన చోటికల్లా వెళ్లడమే దానికి తెలుసు. తన వీపు మీదున్నది అలమా, ఘటమా అని దానికెందుకు?

పటాలాలు తెచ్చిన దేవుళ్లు

ఇప్పుడు ఆ ఒడ్డుకు పోదాం. నిజాంకీ ఇంగ్లిష్ కంపెనీకీ 1798లో ఒప్పందం కుదిరాక, కంపెనీ సైన్యం సాగర్ ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో మూడో నిజాం సికిందర్ జా పేరు మీద ఆ చోటు సికింద్రాబాద్ అయింది. జనం నోట మాత్రం అది లష్కర్, అంటే సైన్యం. బోనాలను ఇప్పటికీ లష్కర్ బోనాలనే అంటారు.

సైన్యం అంటే తుపాకులొక్కటే రావు. తెల్ల అధికారులతో ఆంగ్లికన్ పాదిరీ వచ్చాడు. ఐరిష్ సిపాయిలతో కేథలిక్ ఫాదర్ వచ్చాడు. మద్రాసు పటాలాలతో తమిళులు, వాళ్ల వెంట సుబ్రహ్మణ్యస్వామి వచ్చారు. సరుకులు సరఫరా చేయడానికి, వడ్డీకి డబ్బివ్వడానికి పార్శీలు, మార్వాడీలు, గుజరాతీలు వచ్చారు. 1874లో రైలొచ్చాక లాలాగూడ ఆంగ్లో ఇండియన్ల ఇళ్లతో నిండింది. ఎవరికి వాళ్లు తమ దేవుడికో ఇల్లు కట్టుకున్నారు.

సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. సెయింట్ మేరీస్ చర్చి 1850లో పూర్తయింది, 2008లో బసిలికా హోదా అందుకుంది. తిరుమలగిరి ఆల్ సెయింట్స్, క్లాక్‌టవర్ దగ్గర వెస్లీ, ఇంకాస్త దూరంలో బాప్టిస్టులు... క్రైస్తవంలోనే ఇన్ని శాఖలు ఇంత దగ్గర దగ్గరగా షహర్ వైపు కనిపించవు. అక్కడ లేవని కాదు. అబిడ్స్ సెయింట్ జార్జ్ 1860ల నాటిది, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ 1870ల నాటిది. కానీ అవి కూడా పాత గోడ బయట, రెసిడెన్సీ నీడ పడినచోటే లేచాయి.

పార్శీల లెక్క ఇంకా చిత్రం. జంట నగరాల్లో మూడు అగ్ని ఆలయాలుంటే అందులో రెండు సికింద్రాబాద్‌వే. ఎంజీ రోడ్డు పక్కనున్నది 1847లో విక్కాజీ, పెస్తన్‌జీ కుటుంబం కట్టించింది. ఆ అన్నదమ్ములు నిజాం సర్కారుకే అప్పులిచ్చిన షావుకార్లు! షహర్ వైపున్న ఒక్క ఆలయం తిలక్ రోడ్డులో ఉంది, 1904 నాటిది.

డోలీ మోసేవాడి మొక్కు

ఇక లష్కర్‌కే తలమానికమైన కథ. ఇదే 1813లో ఇక్కడ కలరా విరుచుకుపడింది. పటాలంలో డోలీలు మోసే సురిటి అప్పయ్య అప్పటికి ఉజ్జయినికి బదిలీ అయి ఉన్నాడు. సొంతూళ్లో చావులు ఆగితే నీకు గుడి కడతానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడట. 1815లో తిరిగొచ్చి కొయ్య విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. 1864లో రాతి విగ్రహం వచ్చింది. అదే మన ఉజ్జయిని మహంకాళి గుడి.

గమనించారా... సెయింట్ జాన్స్ చర్చికీ, అప్పయ్య మొక్కుకీ ఏడాది ఒకటే. ఒకటి అధికారి కట్టుకున్నది, ఇంకొకటి డోలీ మోసేవాడు తెచ్చుకున్నది. రెండింటినీ ఈ నేలకి చేర్చింది ఒకే సైన్యం.

ఎవరు ఎక్కువ?

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ మహానగరంలో హిందువులు సుమారు 65 శాతం, ముస్లింలు 30 శాతం, క్రైస్తవులు మూడు శాతానికి కాస్త తక్కువ. జైనులు, సిక్కులు, బౌద్ధులు ఒక్క శాతం లోపే. 1960లోనే సికింద్రాబాద్ మున్సిపాలిటీని హైదరాబాద్‌లో కలిపేశారు కాబట్టి ఈ అంకెల్లో లష్కర్ విడిగా కనిపించదు. అంకెలు వదిలేసి కాలినడకన చూస్తేనే తేడా తెలుస్తుంది.

రకాలు లెక్కపెడితే సికింద్రాబాద్‌దే పైచేయి. అరగంట నడిస్తే గుడి, మసీదు, గురుద్వారా, అగ్ని ఆలయం, నాలుగు రకాల చర్చిలు దాటతాం. కానీ ఎవరి ప్రహరీ వారిదే. పక్కపక్కన ఉండి, ఒకరి జోలికొకరు పోకుండా బతకడం కంటోన్మెంటు నేర్పిన మర్యాద. షహర్‌లో రకాలు తక్కువే కానీ కలగలుపు ఎక్కువ. పీర్ల పండక్కి దట్టీలు కట్టే హిందువులు, ఉర్దూలో హరికథంత ముచ్చట చెప్పే కాయస్థులు, ఏ ఇంట్లో వండినా ఒకేలా ఉండే ఖట్టీ దాల్... అవన్నీ నాలుగొందలేళ్లు ఒకే గల్లీలో కాపురముంటేనే వస్తాయి.

ఆ కాపురమే ఇప్పుడు పలచబడుతోంది. 1990 డిసెంబరు అల్లర్ల తర్వాత ఎన్నో కుటుంబాలు తమవాళ్లు ఎక్కువున్న పేటలకు మారిపోయాయి. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలినప్పుడు ఆ భయం మళ్లీ లేచింది. ఊరేగింపులు ఆగలేదు, కానీ వాటిని అరుగు మీద నిలబడి చూసే పొరుగు మతస్థులు తగ్గారు. లష్కర్‌దీ వేరే దిగులు. పార్శీలు, ఆంగ్లో ఇండియన్లు ఏటికేడు తగ్గుతున్నారు. అగ్ని ఆలయంలో నిప్పు ఆరకూడదు. దానికి చందనం వేసే చేతులు ఎన్నాళ్లుంటాయన్నదే వాళ్ల బెంగ. భవనం ఎంత పాతదైనా కాపాడుకోవచ్చు. లోపలికెళ్లే మనుషులు లేకపోతే అది ఫొటోలు తీసుకోవడానికే మిగులుతుంది.

అందుకే కృష్ణానగర్‌ని మళ్లీ తలచుకోవాలి. దర్బారు పిలిస్తే షహర్‌కి జనం వచ్చారు, పటాలం పిలిస్తే లష్కర్‌కి వచ్చారు. ఇక్కడికి వెండితెర పిలిస్తే వచ్చారు. ఒక్క గదిలో ముగ్గురు నలుగురు అద్దెకుంటూ, ఒకరి నోములకి, ఒకరి ఉపవాసానికి, ఇంకొకరి ఆదివారం ప్రార్థనకి తగ్గట్టు వంట వేళలు సర్దుకుంటారు. వాళ్లెవరూ దాన్ని మతసామరస్యం అనరు. అద్దె పంచుకోవడం అంటారు. అయితే ఇల్లు చూపించేముందు పేరేంటని అడిగి, విన్నాక గది ఖాళీ లేదనే ఇంటివాళ్లు మూడు చోట్లా ఉన్నారు. ఈ ఊళ్ల భవిష్యత్తు ఏ పెద్ద సభలోనూ కాదు, ఆ ఒక్క ప్రశ్న దగ్గరే తేలుతుంది.

ఎప్పుడు వెళ్లాలి?

ఆషాఢం అయితే మరీ మంచిది. బోనాలు గోల్కొండలో మొదలై, తర్వాత లష్కర్‌కి, చివరికి లాల్‌దర్వాజకి చేరతాయి. లష్కర్ బోనాల మర్నాడు పచ్చికుండ మీద నిలబడి చెప్పే రంగం భవిష్యవాణిని వినాలి. మొహర్రంలో బీబీ కా అలం, డిసెంబరులో సెయింట్ మేరీస్ క్రిస్మస్ దీపాలు చూడాలి. అగ్ని ఆలయాల్లోకి పార్శీలు కానివారికి ప్రవేశం లేదు, గేటు బయటి నుంచే దండం పెట్టుకోండి. తిరుగుదారిలో సాగర్ గట్టున కాసేపు ఆగండి. 1990లో నీళ్లలో మునిగి, 1992లో పైకొచ్చి నిలబడ్డ బుద్ధుడికి రెండొడ్డులూ సమాన దూరమే. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి. ఎవరి గుడి ఏదో వాళ్లడిగితే పేరు చెప్పండి, మనది కాదన్న మాట మాత్రం చెప్పకండి.