ఈసారి నేనే లేచినాను

మా నాయనకు ఇంగ్లీషు రాదు గానీ ఇంగ్లీషు మాటకు పనులు చేసినాడు. 'కమ్', 'గో', 'క్విక్'. ఊళ్ళో ఆసామి కొడుకు పట్నంలో చదివొచ్చి, ఈ మూడు మాటల్తోనే మా నాయన చేత ఎరువు తోలించినాడు, మూటలు మోయించినాడు. ఆ గొంతు వినపడితే చాలు, మా నాయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకొని లేచి నిలబడేవాడు. తెలుగులో తిడితే గొణుక్కోడానికన్నా ఒక మాట దొరికేది. ఇంగ్లీషులో చెప్తే అదీ లేదు. నేను ఇంగ్లీషు మొదట విన్నది బళ్ళో కాదు. కళ్ళం కాడ, మా నాయన వెనకాల నిలబడి విన్నాను.

మా వంశంలో డిగ్రీ చదివింది నేనే మొదలు. ఆ డిగ్రీలో ఇంగ్లీషు పేపరు రెండుసార్లు తప్పినాను. అట్లాంటి దాన్ని డీఎస్సీ రాసి టీచరునై, మైపాడుకు దక్షిణాన సముద్రం వారనుండే ఒక చిన్నబడిలో ఇంగ్లీషు చెప్తా ఉండాను. మాల, మాదిగ, యానాది పిల్లలు, నలుగురైదుగురు పట్టపు పిల్లలు. వాళ్ళ అమ్మానాయనలు రొయ్యల గుంటల కాడ కూలీలు.

2019 నవంబరులో ప్రభుత్వ బళ్ళల్లో ఇంగ్లీషు మీడియమని జీవో వచ్చింది. 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ నెలల్లో అమ్మభాష పోతుందని ఏడ్చినోళ్ళలో ఎంతమంది పిల్లలు కాన్వెంటు బస్సు ఎక్కకుండా ఉండారు? మీ పిల్లలకు పనికొచ్చింది మా పిల్లలకెందుకు పనికిరాదని కంచ ఐలయ్య లాంటోళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతానే ఉండారు. నేనూ ఆ పక్షమే. కానీ బళ్ళో నిలబడినాక ఒకటి తెలిసింది. జీవో పుస్తకం మార్చగలదు, పిల్ల నోరు తెరిపించలేదు.

ఒకరోజు, "మీకొచ్చిన ఇంగ్లీషు మాటలు చెప్పండి" అన్నాను. ఒక్కరూ పలకలేదు. "సరే, గుంట కాడ ఏమేం ఉంటాయి?" అన్నాను. అంతే, బడి కప్పు లేచిపోయింది. ఏరేటరు, ఫీడు, పంపు, ట్యాంకు, నెట్టు, ఐసు, హ్యాచరీ, కౌంటు! కిలోకు ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ పెద్దది. ఇదంతా మూడో తరగతి పిల్ల నాకు చెప్పింది.

మరుసటి రోజు కొబ్బరిచిప్పలతో తక్కెడ కట్టినాము. ఒడ్డున ఏరుకొచ్చిన గవ్వలే రొయ్యలు. ఒకరు అమ్మేవాళ్ళు, ఒకరు కొనేవాళ్ళు. 'హౌ మెనీ?' 'థర్టీ.' 'బిగ్?' 'నో, స్మాల్.' గుంట కాడ వాళ్ళమ్మ ఎప్పుడూ అడగలేని లెక్కను ఇక్కడ బిడ్డ అడుగుతా ఉంది.

పాఠంలో మన బతుకు కనపడితే ఏమవుద్దో నెల్లూరు జిల్లాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి పోయిన ఆడోళ్ళు వాచకంలో సీతమ్మ కథ చదివినారు. 1992లో దూబగుంట ఆడోళ్ళు సారా అంగడి మూయించినారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. మా అమ్మ వేలిముద్ర మానేసి సంతకం నేర్చింది కూడా అట్లాంటి రాత్రిబళ్ళోనే.

ఇంక ఆజ్ఞల ఆట సంగతి. టీచరు 'స్టాండప్' అంటే పిల్లలు లేవాల, 'సిట్ డౌన్' అంటే కూర్చోవాల. ఒంటితో చేసిన మాట మనసులో నిలబడుద్దని 1960ల్లో జేమ్స్ ఆషర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టిన పద్ధతి ఇది. ట్రైనింగులో నేర్చుకున్నాను. మంచి పద్ధతే. పిల్లలు ఎగిరి గంతేసి ఆడినారు. కానీ 'కమ్', 'గో', 'క్విక్' అంటా ఉంటే నా గొంతులో ఆసామి కొడుకు వినపడినాడు. పిల్లలు లేచే తీరులో మా నాయన కనపడినాడు. ఆట ఆపేసినాను.

తెల్లారి కుర్చీలో కూర్చొని, "ఈరోజు మీరు చెప్పండి, నేను చేస్తా" అన్నాను. ఎవరికీ ధైర్యం చాల్లేదు. చాలాసేపటికి, సంవత్సరంగా నోరెత్తని యానాది పిల్ల ఒకటి గోడకానుకొనే మెల్లిగా అనింది: "స్టాండప్."

లేచి నిలబడినాను. తరగతంతా ఊపిరి బిగబట్టింది. ఆ పిల్ల ఈసారి గట్టిగా, "కమ్!" అనింది. పోయినాను.

సాయంత్రం వాళ్ళ జేజి పరిగెత్తుకుంటా వచ్చింది. "మా పిల్ల మిమ్మల్ని లెమ్మనిందంట, తప్పయిపోయింది మేడం, కొట్టబాకండి" అని చేతులు జోడించింది. ఆ చేతులు పట్టుకొని కిందికి దించేసరికి నాకు ఏడుపాగలేదు. తోటి టీచరు ఒకాయన, "ముందు ప్లీజ్ అనడం నేర్పించాల్సింది" అన్నాడు. నేర్పిస్తాను సార్. మా వాళ్ళతో ప్లీజ్ అని ఎవురూ అనలేదు, అందుకని దాన్ని రెండో పాఠం చేసినాను.

ఆ పిల్లకు అన్న ఉండాడు. ఐదుతో బడి మానేసి, గుంటల మీద వాలే పక్షుల్ని తోలే పనికి పోతా ఉండాడు. ఒక మధ్యాహ్నం కంచె బయట నిలబడి ఆట చూస్తా ఉంటే చెల్లెలు చూసింది. "కమ్! సిట్!" అని కేకేసింది. వాడు సిగ్గుపడతా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. ఆ ఒక్కపూట ఉన్నాడు. తెల్లారి రాలేదు.

వాడి కోసం గుంట కాడికి రెండుసార్లు పోయినాను. యజమాని, "మీకెందుకు టీచరమ్మా?" అన్నాడు. మూడోసారి పోతా ఉండాను. ఈసారి చెల్లెల్ని కూడా తీసుకుపోతాను. మేమిప్పుడు ఆడే ఆటలో కొత్తమాట 'వై'. ఆ మాట ఎవరి ముందు వాడాల్నో ఆ పిల్లకు నేను చెప్పనక్కర్లేదు.