మా నాన్నగారి జెన్

కారు కొన్నవాళ్ళ కథలు మీరు చాలా వినే వుంటారు. నేను చెప్పబోయేది వున్న కారును పోగొట్టుకున్న కథ. దొంగలెవరూ రాలేదు. మా మేనల్లుడు వచ్చాడు.

అది మారుతీ జెన్. నాన్నగారు రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో 1998లో కొన్నారు. 993 సీ.సీ., నాలుగు సిలిండర్లు, అల్యూమినియం ఇంజను. చిన్నబండే గాని మహా చురుకు. ఆయన మాత్రం నలభై దాటనిచ్చేవారు కాదు. పెట్రోలు పోయించినప్పుడల్లా ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లు అని ఒక నోటుబుక్కులో రాసుకునేవారు.

ఆయన పోయాక బండిని అమ్మను కొండకు తీసుకువెళ్ళడానికే వాడేవాణ్ణి. మేనల్లుడు మెకానికల్ చదువుతున్నాడు. "మావయ్యా, దీన్ని రేసుకు తయారు చేద్దాం" అన్నాడొక ఆదివారం.

రేసులంటే నాకు తెలిసింది షోలవరం ఒక్కటే. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద మద్రాసువాళ్ళు ఏళ్ళ తరబడి పందేలు నడిపారు. తరువాత 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకే వచ్చింది. అక్కడ కొన్ని రోజుల్లో మనబోటివాళ్ళు కూడా రుసుము కట్టి, హెల్మెట్టు పెట్టుకుని సొంత బండి తోలవచ్చునట.

చిక్కల్లా ఇంకొకటి. కంపెనీవారిచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డెక్కించడం 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయపరిచింది. అంటే ఒకసారి ఇంజను మారిస్తే జెన్ మళ్ళీ బందరు రోడ్డు ఎక్కదు. ట్రాకుకైనా లారీ మీద ఎక్కించుకు పోవలసిందే.

అమ్మనడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. "కొండకు ఆటోలో వెళ్తాలే. వాణ్ణి ఏడిపించకు" అంది.

జవహర్ ఆటోనగర్‌లో ఒక షెడ్డు కుదిరింది. అక్కడ దొరకని సామానూ, విప్పలేని బండీ లేవని బెజవాడవాళ్ళ నమ్మకం. మేస్త్రి ఇంజను విప్పి, గాలి లోపలికి వచ్చే దారుల్లోని గరుకంతా అరగదీసి నున్నగా చేశాడు. వాల్వులు నూరి కూర్చోబెట్టాడు. ఇక హెడ్డు. దాని అడుగును లేతు మీద కొంచెం చెక్కితే, గాలీ పెట్రోలూ ఇరుకు చోట మరింత నొక్కుకుని బలంగా మండుతాయి. "ఈ ఎండలకు ఎక్కువ చెక్కకూడదు సార్" అన్నాడు మేస్త్రి. నాలుగు పుస్తకాలు తిరగేసిన పాండిత్యంతో "ఇంకొంచెం తియ్యవయ్యా" అన్నాను నేను.

ఫలితం మే నెలలో తెలిసింది. యాక్సిలరేటరు తొక్కితే చాలు, లోపల గోళీలు పోసినట్టు టకటకమని చప్పుడు. ప్లగ్గు వెలిగించిన మంట చేరకముందే మిగతా మిశ్రమం తనంతట తానే అంటుకుంటోంది. అలాగే నడిపితే పిస్టన్లకు చిల్లులు పడతాయి. మేస్త్రి నన్నొక్క మాట అనలేదు. మందం గాస్కెట్టు వేసి, టైమింగు వెనక్కి తిప్పి, మామూలు 91 ఆక్టేన్ మాని 95 పోయమన్నాడు. తరువాత కార్బురేటరు జెట్లు. ఒకటి వేయడం, షెడ్డు ఆవరణలో నడపడం, ప్లగ్గు విప్పి చూడడం. తెల్లగా వుంటే పెట్రోలు చాలనట్టు, నల్లగా వుంటే ఎక్కువైనట్టు. లేత ఇటుకరంగు రావడానికి మూడు ఆదివారాలు పట్టింది. అయిన ఖర్చు మా ఆవిడకు సగమే చెప్పాను. ఆవిడ ఈ పత్రిక చదువుతుంది కనుక మిగతా సగం ఇక్కడా చెప్పను.

లారీ ఎక్కించే ముందురోజు అమ్మ షెడ్డుకు వస్తానంది. ముందు సీట్లో కూర్చోబెట్టి మేనల్లుడు స్టార్టు చేశాడు. ఆ గర్జనకు పక్క షెడ్లవాళ్ళు తొంగిచూశారు. అమ్మ చెవులు మూసుకుని, కాసేపటికి చేతులు తీసి, "లీటరుకెంత వస్తోందిరా?" అని అడిగింది.

"ఆరు రావచ్చు అమ్మమ్మా!"

"తాతయ్య వింటే బండి దిగిపోయేవారు" అంది. తాను మాత్రం దిగలేదు. వాడి ఒళ్ళో నాన్నగారి నోటుబుక్కు వుంది. ఆయన చివరిసారి రాసిన లెక్క కిందనే వాడు జెట్ల నంబర్లు వేసుకున్నాడు.