మార్టూరు డొంకల్లో తిరిగిన జీపు... అమ్మకానికి పెడితే?

చెన్నై నుంచి కోల్‌కతా పోయే పెద్ద రోడ్డు మీద, ఒంగోలు దాటి చిలకలూరిపేట వైపు వస్తుంటే తగిలే ఊరు మార్టూరు. బస్సు కిటికీలోంచి ముందుగా మీ కంట పడేవి గ్రానైటు పలకలు. బల్లికురవ క్వారీల రాళ్ళను ఇక్కడ కోసి, నున్నగా పాలిష్ పడతారు. మీ వంటింటి గట్టు మీది రాయి ఈ ఊళ్ళోనే మెరుగు దిద్దుకుని ఉండొచ్చు సుమా!

అసలు మార్టూరును చూడాలంటే మాత్రం రోడ్డు దిగి లోపలికి నడవాలి. పత్తి, మిరప, పొగాకు, శనగ వేసే నల్లరేగడి చేలు అవి. ఎండాకాలంలో కాలు ఇరుక్కునేంత నెర్రెలిచ్చే నేల, వాన పడిందంటే చాలు, నానిన మినప్పిండిలా అంటుకుపోతుంది. చెప్పు దిగబడితే కాలొస్తుంది కానీ చెప్పు రాదు. ఇక మామూలు కారు మాట చెప్పాలా? చేలకు వెళ్ళే డొంకలో దింపితే నాలుగు చక్రాలకూ బంకమట్టి చుట్టుకుని అక్కడే కూర్చుంటుంది.

అందుకే ఈ వైపు మోతుబరి ఇళ్ళల్లో ఒకప్పుడు జీపు ఉండేది. రెండో ప్రపంచయుద్ధం కోసం అమెరికావాళ్ళు తయారుచేసిన బండి అది. యుద్ధం తర్వాత మహీంద్రా సంస్థ బొంబాయిలో దాన్ని బిగించడం మొదలుపెట్టింది. మిలిటరీ బండి కాస్తా మన ఊళ్ళకొచ్చి ఎరువుల బస్తాలు మోసింది, మిర్చి టిక్కీలు మోసింది, పురుటి నొప్పులొచ్చిన కోడళ్ళను పేట ఆస్పత్రికి చేర్చింది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళింది.

మా పిన్నివాళ్ళ జీపు 1994 నాటిది, డీజిలు బండి. బాబాయి దానికి చేయించని సింగారం లేదు. కమాన్ కట్టలు మార్పించి బండిని జానెడు ఎత్తు లేపారు. పెద్ద పెద్ద గళ్ళున్న లావు టైర్లు వేయించారు. ముందు ఇనుప గొట్టాల బంపరు పెట్టించారు. పక్కనున్న చిన్న గేరు కర్ర లాగితే నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టుకుంటాయి. ఎంత బురదైనా ఏనుగులా నడిచొచ్చేస్తుంది.

బాబాయి పోయాక జీపు పశువుల కొట్టం పక్కన పడి ఉంది. పిల్లలిద్దరూ దూరాభారాన ఉన్నారు. మిరపకు తెచ్చిన అప్పు పిన్ని నెత్తిన ఉంది. పాత ఇనుప సామాను కొనే అతను వచ్చి తూకం లెక్కన అడిగాడు. ఆ మర్నాడే హైదరాబాదు నుంచి ఓ కుర్రాడు దిగాడు. ఈ రోజుల్లో కుర్రకారుకు కొండదారుల్లో, అడవిబాటల్లో పాత జీపులు నడపడం సరదా. తూకం ధరకు ఎన్నో రెట్లు ఇస్తానన్నాడు.

"ఆంటీ, డబ్బు ఇప్పుడే ఇచ్చేస్తాను. ఈ ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు.

పిన్ని ఏమందో తెలుసా? "బాబూ, బండి నా పేరున లేదు. ముందు నా పేరున మారాలి, తర్వాత నీ పేరున మారాలి. అప్పటిదాకా తాళం నా దగ్గరే ఉంటుంది."

ఆ మాటలో ఎంత తెలివి ఉందో చూడండి. బండి చేయి మారినంత మాత్రాన బాధ్యత మారదు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని. 2018లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. బండి ఒకరి తర్వాత ఒకరి చేతులు మారింది కానీ పుస్తకంలో మొదటి ఆయన పేరే ఉండిపోయింది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆయనే కట్టాలంది కోర్టు. ఎవరో కుర్రాడు ఎక్కడో కొండల్లో బోల్తా కొట్టిస్తే, మార్టూరులో ఉన్న పిన్ని పొలం మీదికి రాదూ?

మీ ఇంట్లోనూ పాత బండి ఉంటే ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి.

యజమాని కాలం చేస్తే ముప్పై రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలి. మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరున మార్చమని అడగాలి. మరణ ధ్రువపత్రంతో పాటు మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న కాగితం కూడా సిద్ధంగా పెట్టుకోండి. పిల్లలు దూరాన ఉంటే ఈ కాగితానికే ఆలస్యం అవుతుంది.

అమ్మేటప్పుడు ఫారం 29, ఫారం 30 నింపాలి. కొనేవారి పేరు, తేదీ రాయకుండా సంతకం పెట్టొద్దు. అమ్మిన సంగతి రాష్ట్రం లోపలైతే పద్నాలుగు రోజుల్లో తెలపాలి. పిన్ని బండి లాగా పొరుగు రాష్ట్రం పోతుంటే ఫారం 28తో నిరభ్యంతర పత్రం తీసుకోవాలి. బండి మీద బ్యాంకు అప్పు ఎప్పుడో తీరిపోయినా, పుస్తకంలో ఆ మాట కొట్టేయించడానికి ఫారం 35 ఉంది. ఇన్సూరెన్సు కూడా పద్నాలుగు రోజుల్లో తన పేరున మార్చమని కొన్నవారు అడగాలి.

సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తర్వాత బండి చూపించి అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. గడువు దాటిన బండిని బేరం పెడితే అవతలివాడికి అలుసు. బాబాయి 2024లోనే పొడిగించి ఉంచడం పిన్నికి కలిసొచ్చింది.

ఇక సింగారాల సంగతి. తయారుచేసిన కంపెనీ మొదట నిర్దేశించినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ముందు బిగించే ఇనుప బంపర్లను కేంద్రం 2017లోనే వద్దంది. కాబట్టి విప్పేసిన పాత సామాన్లను పాతసామాన్లవాడికి వేయకండి. అసలు బంపరు, అసలు చక్రాలు బిగించి చూపిస్తేనే ఆఫీసులో పని జరుగుతుంది. పిన్ని అవన్నీ గోతాంలో కట్టి అటక మీద దాచింది. ఆడవాళ్ళు ఏదీ పారేయరని నవ్వే మగవాళ్ళు ఇది చదవాలి!

బండి చూపించేటప్పుడు ఉన్న లోపం చెప్పేయండి. రేగడిమట్టి చాసిస్ సందుల్లో చేరి తేమ పట్టి ఇనుమును తినేస్తుంది. కింద రంధ్రం పడిన చోట రంగు పూసి దాచితే రేపు గొడవ. నాలుగు చక్రాల గేరు పని చేస్తుందని చూపించాలంటే తారురోడ్డు మీద కాదు, చేలోకి దింపండి. గట్టి రోడ్డు మీద ఆ గేరు వేసి తిప్పితే లోపలి పళ్ళ మీద బలం పడుతుంది.

చివరికి ఏమైందంటారా? కుర్రాడు కాస్త గొణిగినా బయానా ఇచ్చి, రసీదు రాయించుకుని వెళ్ళాడు. కొన్ని వారాలకు పిన్ని పేరున పుస్తకం వచ్చింది. "ముప్పై ఏళ్ళు ఎక్కి తిరిగాను, నా పేరు దీని మీద పడింది అమ్మడానికేనా!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత కుర్రాడి పేరున మారిందాకా ఆగి, అప్పుడే తాళం చేతికిచ్చింది. మిరప అప్పు తీరింది.

మిరపకోతల వేళ మార్టూరు మీదుగా వెళ్తే ఒక్కసారి రోడ్డు దిగి చూడండి. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు, ఆ ఘాటుకు వచ్చే తుమ్ములు, వాటి మధ్య ఎక్కడో ఓ పాత జీపు. ఆ బండి పుస్తకం ఎవరి పేరున ఉందో ఆ ఇంటి ఇల్లాలిని అడగండి. ఆమెకు తెలియకపోతే, ఇప్పుడు మీరే చెప్పగలరు.