నీలం గోలి, క్లాస్ మానిటర్

బడిలో ఆరోగ్యం గురించి ఏం చెప్తున్నారన్న దానికంటే ఎవరు చెప్తున్నారన్నదే ముఖ్యమేమో.

వారానికోసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర సంగతే చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. ఆ నీలం మాత్ర అందుకే. వేములవాడలో తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలు మాత్రం, "మామా, ఆ గోలి ఎవ్వలు ఏస్కుంటలేరు. ఒకామె ఏస్కొని కక్కింది" అన్నది. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం రావచ్చు, తిన్నాక వేసుకోవాలి. ఈ మాట ఎవరికీ చేరలేదు. వాంతి వార్త మాత్రం ఇంటర్వెల్ లోపే సెక్షన్లన్నీ తిరిగొచ్చింది. అంటే నెట్‌వర్క్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది, మన మెసేజే అందులోకి ఎక్కలేదు.

2008లో లాన్సెట్‌లో వచ్చిన 'అసిస్ట్' అధ్యయనం నాకు అందుకే నచ్చింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 59 బళ్లు, 12–13 ఏళ్ల పిల్లలు 10,730 మంది. మీరు ఎవరి మాటకు విలువిస్తారని పిల్లల్నే అడిగి, ఎక్కువమంది రాసిన పేర్లు తీసుకుని, వాళ్లకు శిక్షణ ఇచ్చారు. ఉపన్యాసాల్లేవు, తోటివాళ్లతో మామూలు ముచ్చట్లే. రెండేళ్ల పాటు గమనిస్తే ఆ బళ్లలో పొగతాగే ఆడ్స్ 22 శాతం తక్కువ.

మన దగ్గర 2020లో ఆయుష్మాన్ భారత్ కింద మొదలైన స్కూల్ హెల్త్ కార్యక్రమంలో బడికిద్దరు టీచర్లు అంబాసిడర్లు, క్లాస్ మానిటర్లు మెసెంజర్లు. ఆలోచన మంచిదే. చిక్కల్లా మానిటర్‌తోనే. మానిటర్‌ని ఎంచేది చాలాచోట్ల సార్లే. మాట్లాడినోళ్ల పేర్లు బోర్డు మీద రాసే పిల్ల వచ్చి గోలి వేసుకోమంటే, అదీ ఇంకో హోంవర్కే అయితది.

పొగాకు సంగతి ఇంకా సున్నితం. మా వైపు బీడీలు చుట్టి ఇల్లు నడిపే తల్లులు చాలామంది. పొగాకు చెడ్డదని సార్ అంటే, కొందరు పిల్లలకు అమ్మను అన్నట్టే ఉంటుంది. అలాంటి ఇంటి నుంచే వచ్చిన దోస్తు అదే మాట ఇంకోలా చెప్పగలదు.

"మరి మీ క్లాసుల ఎవ్వలు చెప్తె వింటరు?" అని అడిగాను. ర్యాంకుల్లో ఎక్కడా లేని ఒకమ్మాయి పేరు చెప్పింది. బతుకమ్మ ఆడేటప్పుడు పాట ఎత్తుకునేది ఆమేనట.

ఆమే గోలి వద్దంటే? ఎందుకు వద్దంటోందో ముందు వినాలి. అన్నం తినకముందే ఇస్తున్నారని ఆమె చెప్పొచ్చు. ఆ కబురు సార్ల దాకా రావడానికి కూడా ఒక దారి ఉండాలి కదా.