కాపీ కొట్టారా, నేర్చుకున్నారా?



పోయిన టర్మ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు సొంతంగా కథ రాసి తెచ్చింది. చదువుతుంటే పాఠ్యపుస్తకంలోని కథే గుర్తొచ్చింది. ఎర్ర ఇంకుతో 'కాపీ' అని రాసి ఇచ్చేశాను. ఆ తర్వాత ఆ అమ్మాయి నాకు ఇంకో కథ చూపించలేదు.

నేను చేసింది తప్పని నాకిష్టమైన పాటల గురించి జరిగే ఒక వాదన వల్ల తెలిసింది. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రోలింగ్ స్టోన్స్ అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. 1960లలో వాళ్ళు వాయించింది సొంత సంగీతమా, అమెరికా నల్లజాతి కళాకారుల బ్లూస్‌కు నకలా?

నకలే అనేవాళ్ళ దగ్గర ఆధారాలున్నాయి. బ్యాండ్ పేరే మడ్డీ వాటర్స్ పాటలోంచి తీసుకున్నది. చిన్నప్పుడు ఒకే బడిలో చదివిన మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ 1961లో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో మళ్ళీ కలిశారు. అప్పుడు మిక్ చేతిలో ఉన్నవి చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు. 1964లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో చాలావరకు ఇతరుల పాటలే. పైగా అసలు కళాకారుల కంటే ఈ కుర్రాళ్ళకే డబ్బూ పేరూ ఎక్కువ వచ్చాయి. ఆ బాధలో న్యాయం ఉంది.

కానీ రెండేళ్ళు ఆగి చూడండి. 1966లో వచ్చిన 'ఆఫ్టర్‌మాత్' ఆల్బమ్‌లో పాటలన్నీ మిక్, కీత్ రాసుకున్నవే. అదే ఏడాది 'పెయింట్ ఇట్ బ్లాక్' పాటలో బ్రయన్ జోన్స్ మన సితార్ వాయించాడు. అది ఎవరి నకలూ కాదు.

నాకు నచ్చిన విషయం ఇంకొకటుంది. 1965లో 'షిండిగ్' అనే అమెరికా టీవీ కార్యక్రమానికి వెళ్ళినప్పుడు, తాము అభిమానించే హౌలిన్ వుల్ఫ్ కూడా పాడాలని వాళ్ళు పట్టుబట్టారు. ఆయన పాడుతుంటే పక్కనే కూర్చుని విన్నారు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో దాచలేదు.

పక్కవాడి నోట్సు చూసి జవాబులు దింపేయడం వేరు. ఇష్టమైనదాన్ని అనుకరిస్తూ నేర్చుకోవడం వేరు. ఆ తేడా తెలియాలంటే ముందు పిల్లల్ని అడగాలి.

ఆ అమ్మాయిని పిలిచి రెండే ప్రశ్నలు వేశాను: "ఇది ఎక్కడ చదివావు? ఇందులో నీదేమిటి?" పాఠం పేరు వెంటనే చెప్పింది. తర్వాత మెల్లగా, "ఇందులో నానమ్మ మా నానమ్మే, మేడమ్" అంది. కథ మళ్ళీ చదివాను. నిజమే, ఆ నానమ్మ పాఠంలో లేదు. నేనే గమనించలేదు. 'కాపీ' అన్న మాట కొట్టేసి, సారీ చెప్పాను.

మీ ఇంట్లో పిల్లలు ఎవరిలాగో బొమ్మ వేసినా, పాడినా, రాసినా దయచేసి ముందు ఆ రెండు ప్రశ్నలూ అడగండి. ఆ అమ్మాయి తర్వాతి కథ ఇంకా నా దగ్గరికి రాలేదు. ఎదురుచూస్తున్నాను.