పరిగిలో భూమి కదిలింది, మన గోడల సంగతేమిటి?



2025 ఆగస్టు 14 తెల్లవారుజామున మన వికారాబాద్ జిల్లా పరిగి మండలంలో రంగాపూర్, బసిరెడ్డిపల్లి, న్యామత్‌నగర్ వాసులు నిద్రలోంచి లేచి వీధుల్లోకి పరుగెత్తారు. భూమి కదిలింది కొన్ని క్షణాలే. ఎవరికీ ఏమీ కాలేదు, దేవునికి స్తోత్రం.

ఆ తరువాత ఏ ఇంట కూటానికి వెళ్లినా మమ్మల్ని అడిగినవి రెండే ప్రశ్నలు. "అయ్యగారూ, ఇది దేవుని కోపమా?" అని పెద్దవారు. "రిక్టర్ స్కేలు మీద ఎంతొచ్చింది?" అని యువకులు.

యువకుల ప్రశ్నే ముందు తీసుకుందాం. స్కేలు మీద ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. మన తాండూరుకు పొరుగునే ఉన్న చించోళి తాలూకాలో 2021 అక్టోబరు 11 రాత్రి వచ్చినది 4.1. లాతూరు జిల్లా కిల్లారిలో 1993 సెప్టెంబరు 30న వచ్చినది 6.2. చూపుకు రెండంకెల తేడాయే గాని శక్తిలో వెయ్యి రెట్లకు పైమాట.

అయితే అంకె ఒక్కటే చూస్తే చాలదు. 2024 డిసెంబరు 4న ములుగులో 5.3 వచ్చింది. హైదరాబాదులో కూడా తెలిసింది, అయినా ప్రాణనష్టం జరగలేదు. అది నలభై కిలోమీటర్ల లోతున పుట్టింది. కిల్లారిది పైపైనే పుట్టింది. పైగా అక్కడి ఇళ్లకు బురదతో పేర్చిన లావాటి రాతి గోడలు, వాటిమీద బరువైన మట్టి మిద్దెలు. జనం నిద్రలో ఉన్న వేళ అవి మీద పడ్డాయి. పదివేలమంది వరకు పోయారు.

అంతకు ముందురోజే అక్కడ వినాయక నిమజ్జనం జరిగింది. దాన్ని పట్టుకొని "చూశారా, శిక్ష!" అని చెప్పే బోధకులు నేటికీ ఉన్నారు. మేము ఒప్పుకోము. సిలోయము గోపురము కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వారు తక్కిన యెరూషలేమువారికంటె అపరాధులు కారని ప్రభువే తేల్చి చెప్పెను (లూకా 13). ఆయన కాదన్న మాట మనమెందుకు అనాలి? పెద్దవారి ప్రశ్నకు మా జవాబు ఇదే.

ఇక మన గోడల సంగతి. మన పల్లెల్లో ఇంకా మట్టితో కట్టిన రాతి గోడలున్నాయి, పైన నాపరాళ్లు పరిచిన కప్పులున్నాయి. వానకు తడిసి, ఉబ్బి, ఒక పక్కకు ఒరిగిన గోడకు 6.2 అవసరం లేదు. దాని పక్కనే మంచం వేసుకొని పడుకుంటున్న విధవరాండ్రు మన సంఘంలో ఉన్నారు. "బాగు చేయించుకో అమ్మా" అనడం తేలికే, కూలి డబ్బులెక్కడివి?

ఫోనుల్లో "ఈ రాత్రికే పెద్దది వస్తుంది" అని తిరిగే సందేశాలు నమ్మవద్దు, ఇతరులకు పంపవద్దు. ఫలానా రోజున, ఫలానా గంటకు వస్తుందని ముందుగా చెప్పగల శాస్త్రజ్ఞుడు లోకంలో లేడు. ప్రవక్తలమని చెప్పుకొనేవారిని కూడా ఈ విషయంలో అడగవద్దు.

మేస్త్రీ పని తెలిసిన సహోదరులు ఐదారుగురు వచ్చే శనివారం ఉదయం ప్రార్థన తరువాత మాతో రండి. మొదట మంచాలు జరుపుదాం. అటకల మీది బరువులు, తలాపున పెట్టిన రాళ్లు దించుదాం. ఏ గోడకు ఊతకర్ర పెట్టాలో, ఏది విప్పి మళ్లీ కట్టాలో రాసుకుందాం. సిమెంటు బస్తా ఇవ్వగలవారు మాకు ఫోను చేయండి.