ఆసుపత్రి వీథిలోని చుట్టరికము

హైదరాబాదు చూడబోయిన వారెల్లరు చార్మినారును, గోలకొండను, సాలార్జంగు ప్రదర్శనశాలను చూచి వత్తురు. నాంపల్లి రైలుస్టేషనుకు కొలది దూరమున, లక్డీకాపూల్ ప్రక్కనున్న రెడ్ హిల్స్ పేటను చూడవలెనని యెవరును కోరి బయలుదేరరు. అయినను పాలమూరు, ఆదిలాబాదు, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి ఎందరో తల్లులు ప్రతిదినమును బిడ్డల నెత్తుకొని ఆ పేటకు వచ్చుచున్నారు. మేమిటీవల అచ్చట రెండు దినములు గడపితిమి. చూచినదానిని సోదరీమణులకు విన్నవించుట మా విధియని తోచినది.

ఆ పేటలో రెండు పెద్ద ప్రభుత్వ వైద్యశాలలు దగ్గరదగ్గరగా కలవు. మొదటిది నీలోఫర్ ఆసుపత్రి. ఏడవ నిజాము రెండవ కుమారుని భార్యయైన నీలోఫర్ రాకుమారి, తన పరిచారిక యొకతె 1949లో ప్రసవవేళ మరణింపగా మిక్కిలి కలతనొంది, స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగ నొక వైద్యశాల యుండవలెనని పట్టుపట్టెను. అది 1953లో తెరువబడినది. రెండవది మెహదీ నవాజ్ జంగు పేరిట 1955లో వెలసిన క్యాన్సరు ఆసుపత్రి. దీనిని జనులు ఎం.ఎన్.జె. అని పిలుతురు. ఈ నవాజ్ జంగుగారే 1960లో గుజరాతు రాష్ట్రమునకు మొదటి గవర్నరైరి.

క్యాన్సరనగానే అది పెద్దవారి వ్యాధియని మన మనుకొందుము. ఆ ఆవరణమున తల వెండ్రుకలు రాలిన నాలుగైదేండ్ల బిడ్డలు తల్లుల యొడిలో కూర్చుండి బిస్కత్తులు తినుచుండుట చూచినవా రట్లనుకొనజాలరు. పిల్లలలో నెక్కువగ కనబడునది రక్తక్యాన్సరు. బిడ్డ పాలిపోవును, జ్వరము విడువదు, దెబ్బ తగులకయే ఒంటిపై నీలిమచ్చలు లేచును, కాళ్ల యెముకలు నొచ్చును. ఇది అంటువ్యాధి కాదు. తల్లి కడుపుతో నున్నపుడు తిన్న తిండివలనను, పూర్వజన్మ పాపమువలనను వచ్చునది కాదు. అయినను ఊరిలో మొదటి నింద తల్లిపైననే పడును. మేము మాటలాడిన తల్లులలో ఆ నింద వినని వారొక్కరును లేరు.

పిల్లలకు సాధారణముగ వచ్చు రక్తక్యాన్సరుకు రెండు మొదలు మూడేండ్ల చికిత్స కావలెను. వసతులు నిండుగనున్న దేశములలో ఇట్టి బిడ్డలు నూటికి 80 మందికి పైగా బ్రదుకుచున్నారు. మన దేశమునను చికిత్స పూర్తిచేసికొని, చదువుకొని, ఉద్యోగములు చేయుచున్న వారెందరో కలరు. పూర్తిచేసికొనుటయే కష్టము. మొదటి నెల చికిత్స ముగియుసరికి సాధారణముగ జ్వరము తగ్గును, బిడ్డ లేచి ఆడుకొనును. వ్యాధి పోయినదని తలిదండ్రులు నమ్ముదురు. కాని కంటికి కానరాని వ్యాధికణములు లోపల నింకను దాగియుండును. సరిగా ఆ సమయముననే చేనిపని పిలుచును, అప్పులవాడు పిలుచును, అమ్మమ్మ యొద్ద విడిచి వచ్చిన రెండవ బిడ్డ పిలుచును. నడుమ మానుకొని పోయిన యెడల వ్యాధి తిరుగబెట్టును. అప్పుడు దానిని లొంగదీయుట మొదటికంటె మిక్కిలి కష్టము.

పోనీ, ఇంటినుండియే వచ్చిపోవుదమన్నను వీలుపడదు. మందులవలన బిడ్డ రక్తములో రోగము నెదిరించు కణములు తగ్గిపోవును. అట్టివేళ స్వల్పజ్వరము సైతము ప్రాణాపాయకరము కావచ్చును. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన అన్నము, శుభ్రమైన గది, వెంటనే చేరదగిన దూరమున ఆసుపత్రి కావలెను. దినకూలితో బ్రదుకు కుటుంబము పట్టణమున నివి యెట్లు సంపాదింపగలదు?

ఈ ప్రశ్నకు సమాధానముగ పుట్టినవే వ్యాధిపీడిత బాలుర కుటుంబములుండు విడిదిగృహములు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1974లో ఇట్టి గృహమొకటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ పేరిట నెలకొన్నది. రక్తక్యాన్సరు సోకిన బాలిక తండ్రియైన ఫ్రెడ్ హిల్ అను ఫుట్‌బాల్ ఆటగాడును, ఆడ్రీ ఎవాన్స్ అను వైద్యురాలును అందులకు ముఖ్యకారకులు. మన దేశమున శ్యామా, నిహాల్ కవిరత్నె దంపతులు 2006లో ముంబయియందు సెయింట్ జూడ్ పేరిట విడిదిని ప్రారంభించిరి. నేడు హైదరాబాదుతో సహా పెక్కు పట్టణములలో ఆ సంస్థ గృహములు కలవు. క్యాన్సరు బిడ్డతో వచ్చిన కుటుంబమున కచ్చట అద్దె లేదు. ఒక్కొక్క కుటుంబమునకు వేరువేరుగ చోటును, వంటకు పొయ్యియు, సరకులును ఇత్తురు. ఆసుపత్రికి పోవుటకు బండి నేర్పాటు చేయుదురు. బిడ్డలకు చదువును చెప్పింతురు.

నగరములో నిట్టి విడిది యొకదానిని మేము సాయంకాలము చూచితిమి. వంటయింట వరుసగా పొయ్యిలు వెలుగుచుండెను. ఒకతె జొన్నరొట్టె తట్టుచుండెను, ఇంకొకతె పప్పు తిరుగమోత వేయుచుండెను. పాలమూరు నుండి వచ్చిన యొక చిన్నది మాతో నిట్లనెను: “మా ఊర్ల అందరు నన్ను జూసి ఏడ్సిన్రక్కా. గని బిడ్డ నోట్ల పుండ్లయితె ఏం తినవెట్టాల్నో ఒక్కరు గూడ చెప్పలే. చెప్పెటోళ్లు ఈడనే దొరికిన్రు.”

ఆమె ప్రక్కనే బట్టల మూటయొకటి కట్టియుండెను. కొడుకు ఆడుకొనుచున్నాడు గదా, వచ్చేయుమని పెనిమిటి కబురు చేసినాడట. మరునాటి ఉదయమే ప్రయాణము. వైద్యులు వలదని చెప్పిన మాటను ఆమె విన్నది, తలయూపినది. కాని మూట కట్టినది. ఆదిలాబాదునుండి వచ్చిన మరియొక తల్లి పొయ్యి తగ్గించి వచ్చి, ఆమె చెంత కూర్చుండెను. ఆమె బిడ్డ చికిత్సకు రెండవ సంవత్సరము నడుచుచున్నది. “చెల్లె, నేను గూడ గిట్లనే మూట గట్టిన. మా బిడ్డ గూడ గిట్లనే ఉరికిండు. జుట్టు పోతె మల్లొస్తది. రోగం మల్లొస్తె ఏం జేస్తం? మీ ఆయనకు ఫోన్ జెయ్యి, నేను మాట్లాడుత” అని ఆమె ఫోను చేతికందించెను. చాలసేపు మాటలు జరిగినవి. చేనిపనికి తన మరిదిని పిలుచుకొందునని తుదకు అవతలివాడొప్పుకొనెను. పాలమూరు చిన్నది మూట విప్పి బట్టలు గూటిలో పెట్టెను.

అందరు బిడ్డలును కోలుకొందురని మేము వ్రాయజాలము. నయముకాని వ్యాధికిని చేయదగిన వైద్యము కలదు. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో బాధను తగ్గించు ఉపశమన చికిత్స పిల్లలకును లభించుచున్నది. తీవ్రమైన నొప్పికి మార్ఫీను మందును వైద్యులు తగిన మోతాదున ఇత్తురు. బిడ్డ నొప్పి లేక నిద్రించిన రాత్రి తల్లికిని కొంత నిద్ర పట్టును. ఇట్టి చికిత్సకొప్పుకొనుట బిడ్డను విడిచిపెట్టుట కాదని తల్లులు తెలిసికొనవలెను.

రెండవ దినమున నగరపు దక్షిణపు కొననున్న శివరాంపల్లికి పోయితిమి. తలసీమియా, సికిల్ సెల్ అను రక్తవ్యాధులు గల బిడ్డల కొరకు తలిదండ్రులును, వైద్యులును, దాతలును కలిసి 1998లో స్థాపించిన సంఘమచ్చట నున్నది. తీవ్రమైన తలసీమియా గల బిడ్డకు రెండు మొదలు నాలుగు వారముల కొకమారు రక్తమెక్కింపవలెను. ఆ రక్తమువలన దేహమున పేరుకొను ఇనుమును తీయుటకు వేరే మందులు వాడవలెను. ఇచ్చటను తల్లినే నిందింతురు. కాని వ్యాధిబీజము తల్లినుండియు, తండ్రినుండియు సమముగనే వచ్చును. ఇరువురును బీజము గలవారైన, ప్రతి కానుపునను బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొకపాలు అవకాశము కలదు. పెండ్లికి ముందుగాని, గర్భము ధరించిన తొలిదినములలో గాని రక్తపరీక్షచే దీనిని తెలిసికొనవచ్చును.

ఇక సోదరీమణులు గుర్తుంచుకొనదగిన సంగతులు కొన్ని. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైనది. నేడు రెండు రాష్ట్రములందును పేదలకట్టి ఉచిత చికిత్సా పథకములు కలవు. క్యాన్సరు చికిత్సకై పోవు రోగికి రైలులో స్లీపరు, మూడవ ఏ.సి. తరగతులయందు టిక్కెట్టు రుసుము పూర్తిగా మినహాయింతురు. తోడుపోవు నొకరికి నూటికి 75 వంతులు తగ్గింతురు. ఇందులకు ఆసుపత్రివారి ధ్రువపత్రము కావలెను. తలసీమియా, సికిల్ సెల్, హిమోఫీలియా వ్యాధులు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున చేర్చబడినవి. విడిది, ధనసహాయము, పత్రములు ఎట్లు పొందవలెనో ఆసుపత్రులలోని సంఘసేవకుల నడిగి తెలిసికొనవలెను. అడుగుటకు సిగ్గుపడవలసిన పని లేదు.

మీ వీథిలో నిట్టి బిడ్డ గల యిల్లున్నచో, ఎందుకు వచ్చినదని ఆ తల్లిని ప్రశ్నింపకుడు. ఆమె రెండవ బిడ్డను మీ బిడ్డలతోడనే బడికి పంపుడు, రాత్రి మీ యింటనే అన్నము పెట్టుడు. మీ యింటి మగవారిని ఆమె భర్త చేనిపనికి సాయము పంపుడు. ఆరోగ్యవంతులైన పెద్దలు రక్తమిత్తురు గాక. మూడేండ్లపాటు ఈ పనులు విడువక చేసినచో, ఆ తల్లికి పట్టణమున నడుమ మూట కట్టుకొనవలసిన యగత్యము రాదు.